కాలవలు కట్టేసిన రోజుల్లో మా రాక్షసుల ఆట

మా గోదావరి జిల్లాల్లో పాచికలు అనగానే పెద్దవాళ్ళకి గుర్తొచ్చేది ఒకటే, గుండాట. సంక్రాంతికి కోడిపందేల బరి పక్కన బొమ్మల పట్టా పరిచి, డబ్బాలో పాచికలు గిలకొట్టి బోర్లించి, జనాల జేబులు ఖాళీ చేస్తారు చూడండి, అది. అందుకే 2001 వేసవిలో అమెరికా నుంచి సెలవులకి వచ్చిన మా పెద్ద బావ సూట్‌కేసులోంచి చిన్న గుడ్డసంచీ తీసి మండువా అరుగు మీద రంగురంగుల పాచికలు గుమ్మరించేసరికి పెద్ద మావయ్య మొహం మాడిపోయింది. "ఎమ్మెస్ చదవమని పంపిస్తే ఇదా నువ్వు నేర్చుకొచ్చింది?" అన్నాడు. డబ్బులు పెట్టే ఆట కాదు నాన్నా, కథ చెప్పుకునే ఆట అని బావ ఎంత మొత్తుకున్నా వినలేదు. కథ చెప్పుకోడానికి పాచికలెందుకురా అని ఆయన ప్రశ్న. నిజానికి మంచి ప్రశ్నే, దాని మీద అమెరికావాళ్ళు కూడా ఏళ్ళ తరబడి కొట్టుకున్నారని నాకు చాలా తర్వాత తెలిసింది.

తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. ఆట పేరు డంజన్స్ అండ్ డ్రాగన్స్. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అని ఇద్దరు కలిసి తయారుచేస్తే 1974లో విస్కాన్సిన్ రాష్ట్రంలోని లేక్ జెనీవా అనే చిన్న ఊరి నుంచి బయటికొచ్చింది. అంతకుముందు వీళ్ళంతా బల్ల మీద సైనికుల బొమ్మలు పెట్టుకుని యుద్ధాలాడేవాళ్ళు. పటాలం మొత్తాన్ని నడిపే బదులు ఒక్కొక్కళ్ళూ ఒక్క మనిషినే నడిపితే ఎలా ఉంటుంది అన్న ఆలోచన దగ్గర ఇది పుట్టింది. ఒకళ్ళు కథ నడుపుతారు, మిగిలినవాళ్ళు తలా ఒక పాత్ర తీసుకుంటారు. "ఎదురుగా తలుపుంది, లోపల్నించి గురక వినపడుతోంది, ఏం చేస్తావ్?" అంటే మన ఇష్టం, తన్నచ్చు, తాళం తీయచ్చు, వెనక్కి తిరిగి ఇంటికి పోవచ్చు. చేసింది ఫలిస్తుందా లేదా అని అనుమానం వచ్చిన చోట ఇరవై ముఖాల పాచిక వేస్తారు. గెలవడం, ఓడడం అంటూ ఏమీ లేదు, ఈ పూటకి ఆపి రేపు మళ్ళీ అక్కణ్ణుంచే మొదలెడతారు.

అమ్మమ్మగారి ఊరు సఖినేటిపల్లి దగ్గర. వేసవిలో డెల్టా కాలవలు కట్టేస్తారు కదా, ఈత లేదు, గాలాలు లేవు, మధ్యాహ్నం బయటికెళ్తే ఎండకి మాడు పగిలిపోతుంది, కరెంటేమో ఎప్పుడుంటుందో ఎప్పుడు పోతుందో తెలీదు. సెలవులకి చేరిన పిల్లలం, పిల్లలనకూడదు, ఇంటర్లు డిగ్రీలు వెలగబెడుతున్నవాళ్ళం, ఏం చెయ్యాలో తోచక ఉన్నాం. పుస్తకం బావ దగ్గర ఒకటే ఉంది. అయితే 2000లో మూడో ఎడిషన్ తెచ్చినప్పుడు ఆ ఆట హక్కులున్న కంపెనీ వాళ్ళు మూల నియమాలు చాలావరకు ఎవరైనా వాడుకోవచ్చని లైసెన్సు ఇచ్చి ఇంటర్నెట్లో పెట్టేశారు. నరసాపురం వెళ్ళి నెట్ సెంటర్లో కొన్ని పేజీలు ప్రింటు తీయించుకొచ్చాం, ఆ కాయితాలు పురికొసతో కుట్టుకుని అందరం పంచుకు చదివాం. మాంత్రికుడి మంత్రాల పట్టిక మీద ఆవకాయ నూనె మరక పడి ఒక మంత్రం పూర్తిగా చెరిగిపోయింది. ఆ మంత్రం మా ఆటలో ఎవరికీ రాదు, అంతే.

మొదటి చిక్కు ఎక్కడొచ్చిందంటే, ఈ ఆటలో కథంతా నేలమాళిగల్లో, కొండగుహల్లో నడుస్తుంది. మా వైపు గుహలేవి? మూడడుగులు తవ్వితే నీళ్ళొస్తాయి. కొండ చూడాలంటే రాజమండ్రి దాటి వెళ్ళాలి. బావ ఒక రోజంతా ఆలోచించి కథని గోదారి లంకల్లోకి మార్చేశాడు. వరదకి కోసుకుపోయి ఇసకలో కూరుకుపోయిన ఊళ్ళు, వశిష్ఠ గోదావరి అడుగున మునిగిన గుడి, అంతర్వేది దగ్గర సముద్రంలో కలిసే చోట ఒరిగిపోయిన ఓడ. పాలకొల్లులో ఒకప్పుడు డచ్చివాళ్ళ వర్తక స్థావరం ఉండేది కాబట్టి ఆ ఓడ డచ్చివాళ్ళదయింది. కోరంగి రేవు 1839 తుఫానుకి తుడిచిపెట్టుకుపోయింది కాబట్టి దెయ్యాలన్నీ కోరంగి నావికులయ్యారు. అమెరికా పుస్తకంలో లేని ఉక్కపోత, ఉప్పుగాలి, మొగలిపొదలు వచ్చి చేరేసరికి మాకు ఒక్కసారిగా ఆట పట్టుబడింది.

ఇక మనుషుల సంగతి. ఒకే చాప మీద కూర్చున్నాం గానీ ఒక్కొక్కళ్ళం ఒక్కో ఆట ఆడాం, అది చెప్పాలనే ఇదంతా మొదలుపెట్టాను.

పెద్దమ్మ కొడుకు, నాకు తమ్ముడు, లెక్కల్లో దిట్ట. వచ్చిన రెండో రోజే ఇరవై ముఖాల పాచిక పక్కింటి మాస్టారి అబ్బాయి విసిరిన విసురుకి ఎగిరి మండువా తూములో పడిపోయింది. ఎంత పుల్ల పెట్టి కెలికినా రాలేదు. దాంతో ఒకటి నుంచి ఇరవై దాకా చీటీలు రాసి ఖాళీ హార్లిక్స్ సీసాలో వేశాం. (ఇది చేతకాని పని అనుకునేరు, 1979లో ఈ ఆట అమ్మే కంపెనీకే పాచికలు దొరక్క బేసిక్ సెట్ పెట్టెల్లో అంకెల చీటీలు పెట్టి అమ్మారు.) తంబోలా అలవాటు కొద్దీ తీసిన చీటీని పక్కన పెట్టేవాళ్ళం, సీసా ఖాళీ అయ్యాక మళ్ళీ అన్నీ వేసేవాళ్ళం. మావాడు రెండు రోజులు నోరెత్తలేదు. రాక్షసుడొస్తే "నేను వెనకాల కాపలా ఉంటాను" అనేవాడు, గోడ దూకాలంటే "మీరు దూకండి, నేను తాడు పట్టుకుంటాను" అనేవాడు, పిరికివాడి పాత్ర తీసుకున్నాడేమో అనుకున్నాం. ఉన్నట్టుండి ఒక్కసారి కత్తి దూసి అందరికంటే ముందు దూకేవాడు, చీటీ తీస్తే పద్ధెనిమిదో ఇరవయ్యో. పాచికైతే ఏ అంకెకైనా ప్రతిసారీ ఇరవైలో ఒక వంతే అవకాశం. చీటీలు పక్కన పెట్టేస్తుంటే సీసాలో ఐదు మిగిలి ఇంకా ఇరవై రాకపోతే ఐదులో ఒక వంతు. వీడు బయటికొచ్చిన చీటీలన్నీ మనసులో లెక్కపెట్టుకుంటున్నాడు! బావ కనిపెట్టి, తీసిన చీటీ వెంటనే వెనక్కి వెయ్యాలని రూలు పెడితే ఆ సాయంత్రం వీడు పకోడీలు కూడా ముట్టుకోలేదు.

మర్నాటికల్లా ఇంకో సందు దొరికింది. ప్రింటు తీసిన కాయితాల్లో ధరల పట్టిక ఉంది. పదడుగుల నిచ్చెన ఐదు రాగి నాణేలు. పదడుగుల కర్ర రెండు వెండి నాణేలు. ఒక వెండికి పది రాగి. నిచ్చెన కొని, మధ్య మెట్లు ఊడబెరికి, రెండు కర్రలుగా అమ్మితే? అమ్మేటప్పుడు సగం ధరే ఇస్తారనుకున్నా ఐదు పెడితే ఇరవై వస్తాయి. డచ్చి ఓడ, దెయ్యాలు అన్నీ అక్కడే వదిలేసి వీడు నరసాపురం బజార్లో నిచ్చెనల వ్యాపారానికి దిగాడు. విచిత్రం ఏంటంటే ఈ గొడవ విన్నాకే పెద్ద మావయ్య మెత్తబడ్డాడు. కొబ్బరి వ్యాపారం చేసేవాడాయన, గుమ్మంలో నిలబడి అంతా విని, "ఒరేయ్, ఊళ్ళో నిచ్చెనలన్నీ నువ్వే కొనేస్తే రేటు పెరగదూ?" అని అడిగి వెళ్ళిపోయాడు. బావకి కావలసింది అదే, మరుసటి పూటకి నిచ్చెన ధర మూడింతలైంది.

మా మరదలు, అంటే పెద్ద బావ చెల్లెలు, దీనికి పూర్తిగా వ్యతిరేకం. బలం, చురుకు, ఓపిక, తెలివి, వివేకం, ఆకర్షణ అని ప్రతి పాత్రకీ ఆరు గుణాలుంటాయి, మేం ఒక్కోదానికీ మూడు మామూలు పాచికలు వేసి కూడుకున్నాం. మూడూ ఆర్లు పడి పద్ధెనిమిది రావాలంటే 216లో ఒక్క వంతు, ఆ వంతు ఆ పిల్లకి వివేకంలో వచ్చింది. తమ్ముడు కుళ్ళుకున్నాడు, ఆ పిల్లకి మాత్రం అంకెలు పట్టలేదు. గీతల నోటుపుస్తకంలో నాలుగు పేజీలు కథ రాసుకొచ్చింది, కోరంగిలో తప్పిపోయిన సరంగు కూతురు, తండ్రిని వెతుక్కుంటూ లంకలన్నీ తిరుగుతోంది అని. తండ్రి టోపీ మీద కుట్టుపని ఎలా ఉంటుందో కూడా రాసింది. ఆటలో అవతలివాళ్ళు కత్తులు తిప్పుతుంటే ఈ పిల్ల రేవులో ముసలి జాలరి దగ్గర కూర్చుని "ఆ ఏడు తుఫానుకి నువ్వెక్కడున్నావ్ తాతా?" అని అడుగుతుండేది, బావ ఆ తాత గొంతుతో జవాబులు చెప్తుండేవాడు, అరగంట అదే నడిచేది. తమ్ముడు హార్లిక్స్ సీసా గిలక్కొడుతూ కూర్చునేవాడు.

యుద్ధాలకి గళ్ళ పటం కావాలి, గడికి ఐదడుగుల లెక్క. ఆ పని మరదలే చేసింది, అరుగు మీద ముగ్గుతో చుక్కలు పెట్టి. చుక్కకీ చుక్కకీ మధ్య ఐదడుగులు. మా వీరులకి కూల్‌డ్రింక్ మూతలు, గోబ్లిన్లకి, అంటే పొట్టి రాక్షసులకి, వడ్లగింజలు. పెద్ద యుద్ధం మంచి పట్టు మీద ఉండగా, తమ్ముడు ఎవరు ఎటు కదలాలో గంటసేపు ప్లాన్ వేసి ఇరుకు సందులోకి గోబ్లిన్లని తోలుకొచ్చిన క్షణాన, అమ్మమ్మ పెంచుకునే నల్ల కోడిపెట్ట తీరిగ్గా నడుచుకుంటూ వచ్చి ఆరుగురు గోబ్లిన్లని టకటకా ఏరుకు తినేసింది. తమ్ముడు ఏడుపు ఒక్కటే తక్కువ. మరదలు మాత్రం ఎగిరి గంతేసి "అది గండభేరుండం! లంకని కాపాడేది అదే!" అంది. బావ ఒక్క క్షణం ఆలోచించి, "ఆకాశం నల్లబడింది, రెక్కల చప్పుడు" అని మొదలుపెట్టాడు. ఆ పక్షి తర్వాత రెండు వేసవుల దాకా మా కథలో ఉంది. వడ్లగింజలు మాత్రం మానేసి చింతపిక్కలకి మారాం.

నరసాపురం బావ గురించి చెప్పకపోతే ఇదంతా దండగ. చిన్న మావయ్య కొడుకు, వాళ్ళది లేసు వ్యాపారం. ఇటు ఊళ్ళలో ఆడవాళ్ళు అల్లిన లేసు మూటలు కట్టించుకుని సాయంత్రానికి పంటెక్కి గోదారి దాటి కొట్టుకి చేరాలి. మధ్యలో మా అరుగు దగ్గర ఆగేవాడు. నియమాలు ఒక్కటీ రావు, నేర్చుకోలేదు కూడా. వాళ్ళ నాన్నతో పాటు చిన్నప్పట్నించీ పౌరాణిక నాటకాలు చూసి చూసి ఉన్నాడేమో, పాత్రలోకి దిగితే మనిషి మారిపోయేవాడు. బావ "అసురరాజు ఎదురుగా నిలబడ్డాడు" అనగానే భుజం మీద తువ్వాలు సర్దుకుని లేచి నిలబడి, "ఓరీ దురాత్మా" అని రాగం ఎత్తుకుంటే కొబ్బరికాయలు వలిచేవాళ్ళు పని ఆపి ఇటు తిరిగేవారు. ఒకసారి వాళ్ళల్లో ఒకాయన "వన్స్‌మోర్" అని కూడా అరిచాడు. ఇంకేముంది, మళ్ళీ మొదట్నించీ. చీటీ తీస్తే మూడు వచ్చేది, కత్తి విరిగేది. అప్పుడు "విధి వక్రించెనా" అని కింద పడిపోయేవాడు, అదీ అంతే బాగుండేది. ఓడిపోవడం కూడా ఇంత సరదాగా ఉంటుందా అనిపించేది నాకు. బాగా పలికినందుకు ఇంకో చీటీ తీసుకోమని పెద్ద బావ అవకాశం ఇచ్చేవాడు, తమ్ముడికి అది సుతరామూ నచ్చేది కాదు. 2014లో ఐదో ఎడిషన్ వచ్చినప్పుడు చూస్తే దాంట్లో అచ్చం ఇలాంటి రూలే పెట్టారు, పాత్రకి తగ్గట్టు ఆడినవాళ్ళకి ఇన్‌స్పిరేషన్ అని ఇస్తే దాంతో రెండు పాచికలు వేసి పెద్దది తీసుకోవచ్చు. తమ్ముడికి ఫోన్ చేసి మరీ చెప్పాను.

ఈయన వల్ల ఒక కష్టం ఉండేది. ఆఖరి పంటు వేళ దగ్గరపడిందంటే యుద్ధం మధ్యలో ఉన్నా లేసు మూట సైకిలుకి కట్టేసుకుని వెళ్ళిపోయేవాడు. ఆ పాత్ర అక్కడే కత్తి పైకెత్తి నిలబడిపోయేది, మర్నాడు ఆయనొచ్చేదాకా.

మాస్టారి అబ్బాయి ఏం చేసేవాడంటే, ఏమీ చేసేవాడు కాదు. "నువ్వేం చేస్తావ్రా?" అంటే "ఆయన చేసిందే నేనూ చేస్తానండి, ఆయ్" అనేవాడు. తన పాత్ర పేరు కూడా గుర్తుండేది కాదు. బజ్జీలు తెచ్చేవాడు, అందరి జోకులకీ నవ్వేవాడు, నరసాపురం బావ పడిపోతే పట్టుకునేవాడు. వాడు రాని రోజు ఎందుకో అన్నీ గొడవలే అయ్యేవి. 2002లో రాబిన్ లాస్ అనే ఆయన ఆట నడిపేవాళ్ళ కోసం ఒక చిన్న పుస్తకం రాశాడు, అందులో ఆటగాళ్ళని రకరకాలుగా విడదీసి చెప్తూ, పెద్దగా ఏమీ చెయ్యకుండా జనంతో కూర్చోడానికే వచ్చేవాళ్ళని కూడా ఒక రకంగా లెక్కలో వేశాడు, వాళ్ళని బలవంతంగా ముందుకి తొయ్యొద్దన్నాడు. అది చదువుతుంటే నాకు బజ్జీల పొట్లమే కనిపించింది.

అమ్మమ్మ ఆడలేదు. నులకమంచం మీద పడుకుని వినేది, నిద్రపోయిందనుకుంటే నిద్రపోయేది కాదు. పొద్దున్న కాఫీ ఇస్తూ "ఆ జాలరాయన అబద్ధం చెప్తున్నాడే, నమ్మకు" అనేది మరదలితో. 2015 నుంచి క్రిటికల్ రోల్ అని అమెరికాలో డబ్బింగ్ ఆర్టిస్టులు కొందరు తమ ఆటని ఇంటర్నెట్లో చూపిస్తుంటే లక్షలమంది కూర్చుని గంటల తరబడి చూస్తున్నారు, పాచిక ముట్టకుండా ఆటని ఇష్టపడేవాళ్ళు ఆడేవాళ్ళకంటే ఎక్కువేమో కూడా. మా అమ్మమ్మకి అది వింతేమీ కాదు.

అసలు పెద్ద గొడవ ఒక సాయంత్రం అయింది. ఓడ మీద యుద్ధంలో మరదలు తీసిన చీటీ ఒకటి, అవతల దెయ్యానికి వచ్చింది ఇరవై. ఆ పిల్ల పాత్ర కుప్పకూలింది. నోటుపుస్తకం మూసేసి లేవబోయింది. చీటీ అంటే చీటీయే, ఇవాళ వదిలేస్తే రేపట్నించి భయమెవరికుంటుంది అని తమ్ముడు. అందులో న్యాయం లేకపోలేదు. చావడానికైనా ఒక డైలాగు ఉండాలి కదా, ఒక్క మాటైనా లేకుండా చంపేస్తారా అని నరసాపురం బావ, పంటు వేళైనా కదలకుండా. ఎవరి మాట వాళ్ళది. అప్పుడు మంచం మీంచి అమ్మమ్మ, "అయ్యని వెతుక్కుంటూ ఇంతదూరం వచ్చిన పిల్లని మధ్యలో చంపేస్తే ఆ కథ ఎవడిక్కావాలిరా?" అంది. పెద్ద బావ గబగబా పుస్తకం తిప్పాడు. ఆ ఎడిషన్లో ప్రాణబలం సున్నా కిందకి పోయినా వెంటనే చావరు, మైనస్ పది దాకా గడువుంటుంది, ఈలోపు ఎవరైనా ఆదుకోవచ్చు. తమ్ముడే ఆ పేజీ లాక్కుని చదివి, లెక్కేసి, "ఇంకా మూడు రౌండ్లుంది, నేను పరిగెడితే అందుతాను" అన్నాడు. నిచ్చెనలమ్మిన డబ్బులతో కొన్న మందు సీసా ఆ పిల్ల నోట్లో పోశాడు. ఆ సాయంత్రం నరసాపురం బావ మా ఇంట్లోనే పడుకున్నాడు, మర్నాడు వాళ్ళ నాన్న చేత తిట్లు తిన్నాడు.

ఆట అంటే యుద్ధమా, నటనా, కథా, పాత్రని పెంచుకోవడమా అన్న తగువు మాతో మొదలైంది కాదు. 1980లోనే గ్లెన్ బ్లాకో అనే ఆయన ఈ నాలుగు రకాలనీ విడదీసి ఒక వ్యాసం రాశాడు, ఎవరూ పూర్తిగా ఒకే రకం ఉండరని కూడా అన్నాడు. ఆ తర్వాత చాలామంది ఇంకా సన్నగా చీల్చి పెద్ద పెద్ద సిద్ధాంతాలు చేశారు, కొన్ని చదివాను, సగం దాకా వచ్చేసరికి ఆడే ఓపిక కూడా పోతుంది. నాకైతే పెద్ద బావ లాంటివాడు ఒకడుంటే ఆ తగువు తీరక్కర్లేదనిపిస్తుంది. ఒక్క పూటలోనే తమ్ముడికి ఒక బేరం, మరదలికి ఒక ముసలాయన, నరసాపురం బావకి ఒక దుర్మార్గుడు, మాస్టారి అబ్బాయికి నవ్వుకోడానికి ఒక కోతి, అందరికీ కలిపి ఒకే ఓడ. ఇది అరటాకులో ఎవరికేం ఇష్టమో చూసి వడ్డించే పని లాంటిది, అందరికీ చేతకాదు. నేను రెండుసార్లు నడిపి చూశాను, నా వల్ల కాలేదు, ఆడటమే హాయి.

ఇప్పుడు ఎవరి దారి వాళ్ళది. పెద్ద బావ డల్లాస్‌లో ఉంటాడు, కాల్ ఆఫ్ కథుల్హూ అనే ఆట నడుపుతున్నాడు. 1981 నాటిది, భయం కథలు. అందులో కత్తులతో పని తక్కువ, చూడకూడనివి చూసిన కొద్దీ మనిషికి మతి తప్పుతుంటుంది, దానికి ఒక అంకె, అది తగ్గుతూ పోతుంది తప్ప పెరగడం కష్టం. శుక్రవారం సాయంత్రం డబ్బులిచ్చి సినిమాకి పోకుండా పిచ్చెక్కించుకోడానికి వస్తారేంటి జనం అంటే నవ్వుతాడు. తమ్ముడు బ్యాంకులో పనిచేస్తాడు, ఏడాదికి ఒక్కసారి కూడా ఆడడు, రూల్స్ పుస్తకాలు మాత్రం కొంటూనే ఉంటాడు. చదివి, పాత్రలు తయారుచేసి, ఫైల్లో పెట్టుకుంటాడు. అదీ ఆడటమే అంటాడు, కాదనడానికి నేనెవర్ని. నాకేమో కరోనా రోజుల్లో బెంగుళూరు గదిలో ఒంటరిగా ఆడటం అలవాటైంది. ఐరన్‌స్వార్న్ అని 2018లో వచ్చింది, నియమాలు ఉచితంగానే దొరుకుతాయి, కథ నడిపేవాడు అక్కర్లేదు, పట్టికల్లో పాచిక వేసి "తలుపు వెనక ఏముంది?" అన్నదానికి జవాబు మనమే అల్లుకోవాలి. ఒంటరిగా ఆడటం కొత్తదేమీ కాదు, టనల్స్ అండ్ ట్రోల్స్ అనే ఇలాంటి ఇంకో ఆటకి 1976లోనే ఒక్కళ్ళే ఆడుకునే కథ వచ్చింది. బాగుంటుంది గానీ "ఓరీ దురాత్మా" అని మనకి మనమే అనుకుంటే పక్క ఫ్లాటువాళ్ళు ఏమనుకుంటారో అని కాస్త ఇబ్బంది.

మొన్న సంక్రాంతికి అందరం చాలా ఏళ్ళ తర్వాత అక్కడ కలిశాం. పెద్ద బావ రాలేదు, వీడియోలో కథ నడిపాడు, సిగ్నల్ పోయినప్పుడల్లా దెయ్యాలు మాట మధ్యలో ఆగిపోయాయి. మరదలి కూతురికి తొమ్మిదేళ్ళు, తనూ ఆడతానంది. మాంత్రికురాలివి అవుతావా, విలుకత్తెవి అవుతావా అని అందరం ఊరిస్తే కాసేపు ఆలోచించి, అవేవీ వద్దు, పంటు మీద టికెట్లు కొట్టే ఆవిణ్ణి అవుతానంది. వీరులు, గుర్రాలు, ఆయుధాలు, ఒక్కోదానికి ఒక్కో రేటు, గండభేరుండానికి లగేజీ చార్జీ వేరు. తమ్ముడు బేరానికి కూర్చున్నాడు, గుర్రం మీదున్న మనిషికి మళ్ళీ టికెట్టేంటని వాదించాడు. నరసాపురం బావ, ఇప్పుడు బట్టతల, లేచి నిలబడి రాగంలో బతిమాలాడు. ఆ పిల్ల "చిల్లర లేదు, దిగండి" అంది. బజ్జీలు చల్లారిపోయాయి, డల్లాస్‌లో తెల్లారిపోయింది, ఆ పూట మా కథ రేవు దాటలేదు.